పన్నే పడనప్పుడు లాభం తగ్గించడం ఎందుకు?

ప్రశ్న: గుంటూరు పట్నం బజారులో మాది హోల్‌సేల్ కిరాణా కొట్టు. నా పేరు మీదే ఉంది. 2025-26లో కోటీ 60 లక్షల అమ్మకం జరిగింది. అందులో 50 లక్షలు నగదు, మిగతాది ఫోన్‌పే, బ్యాంకు ద్వారా వచ్చింది. మూడేళ్లుగా పుస్తకాలు రాయకుండా, నగదు అమ్మకంలో 8 శాతం, మిగతా దాంట్లో 6 శాతం లాభంగా లెక్కగట్టి రిటర్ను వేస్తున్నాం. నిజంగా మిగిలేది నాలుగు శాతమే కాబట్టి ఈసారి 6 లక్షల 40 వేలే చూపిద్దామంటున్నాడు మా అబ్బాయి. ఆడిట్ వస్తుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. కానీ అలా చూపించి మీరు మిగుల్చుకునేది ఏమీ లేదు. కాగితం తీసుకుని వేసి చూడండి. నగదు 50 లక్షల మీద 8 శాతం, అంటే 4 లక్షలు. బ్యాంకులోకి వచ్చిన కోటీ 10 లక్షల మీద 6 శాతం, అంటే 6 లక్షల 60 వేలు. రెండూ కలిపి 10 లక్షల 60 వేలు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకు రిబేటు, అంటే పన్ను మాఫీ ఉంది. ఇంటి అద్దె, ఎఫ్‌డీ వడ్డీ కలిపినా అది దాటకపోతే మీకు పడే పన్ను సున్నా. షేర్లు అమ్మిన లాభం ఉంటే మాత్రం దాని లెక్క వేరు.

6 లక్షల 40 వేలు చూపించినా సున్నాయే! పైగా ఆడిట్ నెత్తిన పడుతుంది. మీ టర్నోవర్ కోటి దాటింది, నగదు 5 శాతానికి మించింది. ఈ పద్ధతి వదిలారంటే పుస్తకాలు రాయాలి, సీఏతో ఆడిట్ చేయించాలి. అంతటితో పోదు, తర్వాత ఐదేళ్లు మళ్లీ ఈ పద్ధతిలోకి రానివ్వరు. అయితే 8, 6 శాతాలు కనీసం మాత్రమే. ఏ ఏడాదైనా అంతకంటే ఎక్కువ మిగిలితే అదే చూపించాలి.

ఆడిట్ వేరు, డిపార్టుమెంటు నోటీసు వేరు. మా బ్రాడీపేట ఆఫీసుకి వచ్చేవాళ్లలో సగం మంది రెండూ ఒకటే అనుకుంటారు. నోటీసులు ఎక్కువగా అంకెలు కలవకపోతేనే వస్తాయి. జీఎస్టీ రిటర్నులో ఒక టర్నోవరూ ఇన్‌కం ట్యాక్స్‌లో ఇంకొకటీ ఉండకూడదు. గల్లా డబ్బు సేవింగ్స్ ఖాతాలో వేసే అలవాటుంటే మానేయండి. ఏడాదిలో 10 లక్షల నగదు చేరితే బ్యాంకు వాళ్లే డిపార్టుమెంటుకి చెబుతారు. కొట్టుకి కరెంట్ ఖాతా పెట్టుకోండి. రిటర్ను వేసే ముందు ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్లో ఏఐఎస్ (మీ లావాదేవీల గురించి డిపార్టుమెంటుకి చేరిన వివరాల పట్టిక) తెరిచి చూడమని అబ్బాయికి చెప్పండి.

ఇంకొకటి, పెళ్లి సరుకుల బేరాల్లో జాగ్రత్త. ఒకే పెళ్లికి ఒకే మనిషి దగ్గర 2 లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడొచ్చు. మూడు రోజులు మూడు బిల్లులుగా రాసినా తప్పించుకోలేరు. చెక్కు ఇమ్మనండి.