రాత్రికి సూప్ ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. బీపీకి మాత్రలు వాడుతోంది, షుగర్ లేదు. శరత్కాలం వచ్చి వాతావరణం చల్లబడినప్పటి నుంచీ రాత్రి భోజనం మానేసి సూప్ మాత్రమే తాగుతోంది. టమాటా, గుమ్మడికాయ, క్యారెట్ సూప్‌లు ఇంట్లోనే చేసి ఇస్తున్నాం. రెండు నెలల్లో 56 కిలోల నుంచి 54కి తగ్గింది. ఇలా రోజూ ఇవ్వొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: సూప్ రోజూ ఇవ్వొచ్చమ్మా. కానీ మీరు రాసినదాంట్లో నాకు ఆందోళనగా అనిపించింది ఆ రెండు కిలోల సంగతి. పెద్ద వయసులో అనుకోకుండా బరువు తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. కాళ్లలో సత్తువ తగ్గి, పడిపోయే ప్రమాదం పెరుగుతుంది.

మీ అమ్మగారి బరువుకు రోజుకు సుమారు 54 నుంచి 65 గ్రాముల ప్రొటీన్ కావాలి. గిన్నెడు టమాటా సూప్‌లో ఉండేది రెండు మూడు గ్రాములకు మించదు. పైగా అందులో నీళ్లే ఎక్కువ కాబట్టి కడుపు త్వరగా నిండుతుంది. బరువు తగ్గాలనుకునేవారికి భోజనానికి ముందు సూప్ తాగమని చెప్పేది ఇందుకే. మీ అమ్మగారికి కావాల్సింది దీనికి పూర్తిగా వ్యతిరేకం.

అలాగని ఆవిడకు ఇష్టమైనదాన్ని మాన్పించొద్దు. ఆ సూప్‌నే భోజనంగా మార్చండి. నేనైతే గుమ్మడికాయ సూప్‌నే ఎంచుకుంటాను. రెండు చెంచాల నూనెలో ఉల్లిపాయ, వెల్లుల్లి సన్న సెగ మీద మెత్తబడేదాకా మగ్గనివ్వండి. గుమ్మడికాయ ముక్కలతో పాటు మనిషికి 30 గ్రాముల ఎర్ర పప్పు వేసి ఉడికించి మెత్తగా చేయండి. ఆ పప్పుతోనే ఏడు గ్రాముల దాకా ప్రొటీన్ వస్తుంది. చిక్కదనమూ దానితోనే వస్తుంది, కార్న్‌ఫ్లోర్ అక్కర్లేదు. గుమ్మడి, క్యారెట్లలోని బీటా కెరోటిన్, టమాటాలోని లైకోపీన్ అనే పోషకాలు ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు ఉండాలి కాబట్టి ఆ నూనెను తగ్గించొద్దు. దించే ముందు గుడ్డు గిలక్కొట్టి సన్న ధారగా పోస్తే మరో ఆరు గ్రాములు కలుస్తాయి. మాంసాహారం తింటే చికెన్ సూప్ కూడా మంచిదే. కానీ ముక్కలు పక్కన పెట్టి నీళ్లు మాత్రమే తాగితే ప్రయోజనం తక్కువ. ప్రొటీన్ ఎక్కువగా ఉండేది ముక్కల్లోనే.

బీపీ ఉంది కాబట్టి ఉప్పు దగ్గర గట్టిగా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే దాదాపు ఒక టీస్పూను. అదీ రోజంతా తినే అన్నింటిలో కలిపి. రుచి కోసం సూప్ క్యూబ్, ప్యాకెట్ పొడి వేస్తుంటే మానేయండి, వాటిలో ఉప్పు చాలా ఎక్కువ. సూప్ ఉడికేటప్పుడు ఉప్పు వేయకుండా, దించాక నిమ్మరసం పిండి, మిరియాల పొడి చల్లి ముందు రుచి చూడండి. ఆ తర్వాత చిటికెడు ఉప్పు చాలనిపిస్తుంది. ఉప్పుకు బదులు ‘లో సోడియం సాల్ట్’ మాత్రం సొంతంగా మొదలుపెట్టకండి. అందులో పొటాషియం ఉంటుంది. కొన్ని బీపీ మాత్రలు కూడా ఒంట్లో పొటాషియాన్ని పెంచుతాయి. కిడ్నీ సమస్య ఉంటే ఇంకా ప్రమాదం. అలాంటివారు కూరగాయల సూప్ ఎంత తాగాలో కూడా డాక్టర్నే అడగాలి.

పొగలు కక్కుతుండగా తాగే అలవాటు ఉంటే మాన్పించండి. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు తాగేవారికి అన్నవాహిక క్యాన్సర్ ముప్పు ఉండొచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో హెచ్చరించింది. మిగిలిన సూప్‌ను రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. పెద్ద గిన్నెలో అలాగే ఉంచితే లోపల చల్లబడదు, వెడల్పాటి చిన్న డబ్బాల్లోకి మార్చండి. మళ్లీ ఇచ్చేటప్పుడు బాగా మరిగించి, తాగే వేడికి రానివ్వండి.

ఇక ఆకలి ఎందుకు తగ్గిందో తేల్చుకోవాలి. చలి వల్లేనని సరిపెట్టుకోవద్దు. పళ్ల నొప్పి, మింగడంలో ఇబ్బంది, థైరాయిడ్, కొత్తగా వచ్చిన షుగర్, దిగులు, వాడుతున్న మాత్రలు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. నమలలేకే సూప్ అడుగుతున్నారేమో ముందు ఆవిడనే నెమ్మదిగా అడగండి. ఈ వారంలోనే మందులన్నీ వెంట తీసుకుని ఫిజీషియన్‌కు చూపించండి. మింగుతుంటే అడ్డుపడటం, మలంలో రక్తం, విడవని జ్వరం ఉంటే మాత్రం వారం కూడా ఆగొద్దు.