పొలంల సెన్సార్ నోడ్లు ఎక్కడ పెడ్తే ఏమైతది?

నర్సంపేట దిక్కు మక్క చేన్ల వైర్‌లెస్ సెన్సార్లు పెట్టాలంటే నోడ్ల (సెన్సార్, రేడియో, బ్యాటరీ ఉన్న చిన్న డబ్బాల) ప్లేస్‌మెంట్ అంత ముఖ్యమా అని అడిగిండ్రు కదా, చానా ముఖ్యం. అన్నీ సమాన దూరంల పెడ్తే అయిపాయె అనుకుంటరు గానీ గేట్‌వే (అన్ని నోడ్ల డేటా జమచేసి బయటికి పంపే పెట్టె) పక్కనున్న నోడ్లు తమ డేటాతో పాటు వెనక నోడ్లది గూడ మోస్తయి కాబట్టి వాటి బ్యాటరీనే ముందు ఖతమైతది, అవి పోతే దూరంవి మంచిగున్నా డేటా రాదు. అందుకే గేట్‌వే చేను నడుమ పెట్టి, దాని చుట్టు నోడ్లు జర ఎక్కువ పెట్టుడు మేలు.

ఇగ ఎత్తు. చానా నోడ్లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో సిగ్నల్‌ను తడి ఆకులు గుంజుకుంటయి, జూన్ల విత్తినప్పుడు మంచిగున్న లింకు ఆగస్టుల పైరు ఎదిగినంక తెగుతది, యాంటెన్నా పైరు కంటె మీదికే ఉండాలె. దూరం డబల్ అయితే సిగ్నల్ పంపే పవర్ కనీసం నాలుగింతలు కావాలె, ఇది చానామంది లెక్కల పట్టరు. ఇగ నేలను బట్టి నీళ్లు ఆగే తీరు మారుతది కాబట్టి తేమ సెన్సార్లయితే చెల్కల ఒకటి, నల్లరేగడిల ఒకటి వేరే పెట్టాలె.