ముక్కు ఆపరేషన్‌కు నర్వ్ బ్లాక్ మంచిదేనా? ముందు ఆ తలనొప్పి బిళ్ల పేరు చూడండి

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ముక్కులో పాలిప్స్ (మెత్తటి కండ పెరుగుదలలు) ఉన్నాయని, ఎండోస్కోపీతో సైనస్ ఆపరేషన్ చేయాలని వచ్చే నెలకు డేట్ ఇచ్చారు. తర్వాత నొప్పి తెలియకుండా నరం దగ్గర ఇంజెక్షన్ ఇస్తామని మత్తు డాక్టర్ అన్నారు. అది కంటికి దగ్గరగా ఇస్తారని విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. అది వద్దు, నొప్పి మాత్రలు వాడుకుంటానని చెప్పొచ్చా? నాకు ఆస్తమా ఉంది, ఇన్‌హేలర్ వాడతాను. తలనొప్పికి మెడికల్ షాపులో బిళ్ల తెచ్చుకుంటాను. ఒక్కోసారి అది వేసుకున్న రోజే ఆయాసం ఎక్కువవుతుంది.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇంజెక్షన్ సంగతి తర్వాత చెబుతాను. ముందు మీరు చివర్లో మామూలుగా రాసేసిన మాట గురించి మాట్లాడాలి. ముక్కులో పాలిప్స్, ఆస్తమా, నొప్పి బిళ్ల వేసుకున్నాక ఆయాసం. ఈ మూడూ ఒకే మనిషిలో కనిపిస్తే ఆస్పిరిన్ పడని ఆస్తమా ఏమోనని అనుమానిస్తాం. దీన్నే సామ్టర్స్ ట్రయాడ్ అంటారు. పేరుకు ఆస్పిరిన్ అన్నా ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్, నాప్రోక్సెన్ కూడా వీళ్లకు పడవు. సాధారణంగా బిళ్ల వేసుకున్న అరగంట నుంచి మూడు గంటల లోపు ముక్కు కారడం, దిబ్బడ, పిల్లికూతలు మొదలవుతాయి. కొందరికి ప్రాణం మీదకు వస్తుంది. మిమ్మల్ని చూడకుండా మీకు అదే ఉందని చెప్పలేను. లేదని తేలేదాకా మాత్రం ఉన్నట్టే జాగ్రత్తపడాలి.

బిళ్ల పేరు మీరు రాయలేదు. షాపులో తలనొప్పి బిళ్ల అని అడిగితే ఇచ్చేవాటిలో చాలావాటిలో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి. ఉత్త పారాసిటమాలే అనుకుని మింగిన దాంట్లో ఐబుప్రొఫెనో డైక్లోఫినాకో ఉండొచ్చు. ఆయాసం వస్తోందని తెలిసీ మళ్లీ అదే తెచ్చుకుంటే ఎలాగండీ? ఈ రోజు నుంచే ఆపేయండి. స్ట్రిప్ పారేయకుండా తీసుకెళ్లి ఈఎన్‌టీ డాక్టర్‌కు, మత్తు డాక్టర్‌కు ఇద్దరికీ చూపించండి. ఈ మందులు పడవేమోనని కేసు షీటు మీద రాయించండి. ఆపరేషన్ అయిన రాత్రి నొప్పి అంటే డైక్లోఫినాక్ ఇంజెక్షన్ ఇవ్వడం చాలాచోట్ల మామూలు. డ్యూటీలో ఉన్నవాళ్లకు మీ సంగతి ఎవరూ చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు. (ఇది చదివే మిగతావాళ్లు గుండెకో, పక్షవాతానికో డాక్టర్ రాసిన ఆస్పిరిన్‌ను సొంతంగా ఆపేయొద్దు.)

ఇక ఇంజెక్షన్. నొప్పి మాత్రలతో ఇంత చిక్కున్న మీకు ఈ ఇంజెక్షన్ (నర్వ్ బ్లాక్) వద్దనుకోవడం కంటే తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. తుది నిర్ణయం మిమ్మల్ని పరీక్షించిన మత్తు డాక్టర్‌దే. ముక్కుకు బాగా వెనక స్ఫీనోపాలటైన్ గాంగ్లియన్ అనే నరాల ముడి ఉంటుంది. ముక్కు లోపల, అంగిట్లో పుట్టే నొప్పి చాలావరకు దాని మీదుగానే మెదడుకు చేరుతుంది. దాని పక్కన బుపివకైన్ లాంటి మొద్దుబార్చే మందు వేస్తే కొన్ని గంటలపాటు ఆ దారి మూతపడుతుంది. ముక్కులోంచి గానీ, అంగిలి వైపు నుంచి గానీ ఇస్తారు. సాధారణంగా పూర్తి మత్తులో ఉండగానే ఇస్తారు కాబట్టి సూది గుచ్చింది తెలియదు. మందు ప్రభావం తగ్గాక మిగిలే నొప్పి చాలామందికి ఓర్చుకోగలిగినదే. నొప్పి కంటే ముక్కు బరువుగా, దిబ్బడగా ఉందనేవాళ్లే ఎక్కువ.

కంటి గురించి మీ భయం ఉత్తిది కాదు. ఆ చోటు కంటి గూటికి దగ్గరే. అరుదుగా మందు అటు పాకితే కాసేపు రెండుగా కనిపించడం, మసకబారడం జరగొచ్చు. మందు ప్రభావం తగ్గాక అది చాలావరకు సర్దుకుంటుంది. సూది రక్తనాళంలో లేదని చూసుకుని, లోతు కొలుచుకుని ఇచ్చేది అందుకే. పంటి వైద్యంలో మొద్దుబార్చే ఇంజెక్షన్ ఎప్పుడైనా పడకపోయినా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గుండె లయలో తేడా ఉన్నా ముందే చెప్పాలి. అంగిలి, పై దవడ మొద్దుబారి ఉంటాయి, స్పర్శ తిరిగొచ్చేదాకా వేడి కాఫీ, టీ తాగొద్దు.

ఇంటికెళ్లాక ఉత్త పారాసిటమాల్, అదీ డాక్టర్ రాసిన మోతాదులోనే. ఆస్పిరిన్ పడనివాళ్లలో చాలామందికి 500 మిల్లీగ్రాముల బిళ్ల పడుతుంది. ఒకేసారి 1000 వేస్తే కొందరికి ఆయాసం రావొచ్చు. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది, రెండూ కలిపి వేసుకోవద్దు. డాక్టర్ చెప్పేదాకా ముక్కు చీదొద్దు. చూపు తగ్గినా, కన్ను ఉబ్బినా, ముక్కులోంచి నీళ్లలాంటి ద్రవం ధారగా కారినా, రక్తం ఆగకపోయినా, జ్వరంతో తీవ్రమైన తలనొప్పి వచ్చినా ఎంత రాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి. తెల్లారేదాకా ఆగొద్దు.

ఇప్పటికే రాత్రిళ్లు ఆయాసంతో లేస్తున్నా, ఇన్‌హేలర్ పదే పదే పీల్చాల్సి వస్తున్నా ఆపరేషన్ కంటే ముందే ఛాతీ డాక్టర్‌ను కలవండి. ఆస్తమా అదుపులోకి వచ్చేదాకా డేట్ వాయిదా వేసినా నష్టం లేదు. ఆపరేషన్ రోజు ఇన్‌హేలర్ వెంట తీసుకెళ్లండి.