ఉప్పు కరిగించే ఉద్యోగమా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తి చేశాడు. ఆటోనగర్‌లో ఒక హీట్ ట్రీట్‌మెంట్ షాపువాళ్లు ట్రైనీగా రమ్మన్నారు. ఉప్పు కరిగించి అందులో ఇనుము ముంచే పనట. మూడేళ్లు చదివించింది ఇందుకేనా అని వాళ్ల నాన్న కోపం, ఏ ప్రమాదం జరుగుతుందోనని నా టెన్షన్. పంపమంటారా? – ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: పంపండమ్మా. కాకపోతే జీతం సంగతి మాట్లాడే ముందు షాపు లోపల ఒకసారి చూసి రమ్మనండి.

కమ్మరి కొలిమిలో కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచడం మీవారు చూసే ఉంటారు. ఇదీ ఆ విద్యే, డిగ్రీల లెక్కతో చేస్తారు. ఇనుమును గాలిలో కాలిస్తే పైన పొట్టు లేస్తుంది. కరిగిన ఉప్పులో ముంచితే గాలి తగలదు, వేడి అన్ని వైపులా ఒకేలా పడుతుంది. వంటింటి ఉప్పు కరగాలంటే 801 డిగ్రీలు కావాలి. సురేకారం, సోడియం నైట్రేట్ కలిపితే 220 దగ్గరే నీళ్లలా అయిపోతాయి, టెంపరింగ్‌కి, అంటే గట్టిపడ్డ స్టీల్ పెళుసుదనం తగ్గేలా మళ్లీ మితంగా వేడి చేయడానికి, వాటిని వాడతారు. డ్రిల్ బిట్లు చేసే హైస్పీడ్ స్టీల్‌కైతే 1200 డిగ్రీల దరిదాపుల్లో కరిగి ఉండే బేరియం క్లోరైడ్ బాత్ (ఉప్పు తొట్టి). అక్కడ సమయం కాస్త ఎక్కువైతే చాలు, బిట్టు పెళుసైపోతుంది. అల్యూమినియం బ్రేజింగ్ (ముక్కల్ని వేడితో అతకడం) ఇంకా సున్నితం: లోహం 660 దగ్గర కరుగుతుంది, బాత్ 600కి అటూ ఇటూ ఉంటుంది. అంత సన్నని గట్టు మీద నడిచే పనికి చదువుకున్న కుర్రాడే కావాలి.

మీ భయం మాత్రం ఉత్తది కాదు. గారెలు వేసేటప్పుడు నూనెలో నీటి చుక్క పడితే ఏమవుతుందో మీకు తెలుసు. కరిగిన ఉప్పులోకి తడి వస్తువు దిగితే ఆ తడి ఒక్కసారిగా ఆవిరై ఉప్పును పైకి చిమ్ముతుంది. ఒకసారి పిల్లలకు చూపిద్దామని తీసుకెళ్లిన షాపులో ఆరని కొక్కెం దించారు. నా చొక్కా చేతికి మూడు చిల్లులు పడ్డాయి. అందుకే వస్తువుల్ని ముందుగా వేడిచేసే ఫర్నేస్, పొగ లాగే హుడ్, ముఖానికి షీల్డ్ ఉన్నాయో లేదో చూడమనండి. సైనైడ్ ఉప్పు, నైట్రేట్ ఉప్పు పక్కపక్కనే పెట్టి ఉంటే మాత్రం ఇంకో మాట లేకుండా వచ్చేయమనండి. ఆ రెండూ వేడిలో కలిస్తే పేలతాయి.

వాడేసిన ఉప్పును ఎక్కడపడితే అక్కడ పారబోయకూడదు. ఆ తలనొప్పి వల్లే చాలామంది ఉప్పు లేకుండా, గాలి తీసేసి వేడి చేసే వాక్యూమ్ ఫర్నేస్‌లకు మారుతున్నారు. కాబట్టి మీవాడు వస్తువుల బుట్టలు ఉప్పులోకి దించడం దగ్గరే ఆగకూడదు. వేడి కొలిచే థర్మోకపుల్ సరిచూడటం, రాక్‌వెల్ మెషిన్ మీద గట్టిదనం చదవడం, ఏ స్టీల్‌కి ఏ వేడో నోట్సు రాసుకోవడం నేర్చుకోవాలి. ఇవి ఏ ఫర్నేస్‌కైనా పనికొస్తాయి. ఆరు నెలలైనా బుట్టలే మోయిస్తుంటే మానేసి డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాయమనండి, బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.

చూడటానికి వెళ్లేరోజు చెప్పులు వద్దు, బూట్లు వేసుకోవాలి. చొక్కా కూడా కాటన్‌ది, ఫుల్ చేతులది.