తల ఊపితే సరే అన్నట్టు కాదు

బిడ్డా సరితా,

హన్మకొండలో గది అద్దెకు తీసుకున్నావని, వచ్చే నెల నుంచి సైకోథెరపీ, అంటే మాటలతో చేసే మానసిక చికిత్స, సొంతంగా చేయడం మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రాత్రి నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్. ఫీజు ముందే చెప్పు. తలుపు సరిగ్గా మూసుకుంటుందో చూసుకో. ఇట్లాంటివి నువ్వే చూసుకోగలవు.

నా రంది వేరే. పేషెంటు 'సరే' అన్నప్పుడు, ఆ సరే ఎవరిదో నీకు తెలియాలి.

1998లో, పత్తి పురుగుపాలై మన జిల్లాలో ఎందరో రైతులు పురుగుల మందు తాగి చనిపోయిన ఏడాది, పరకాల వైపు నుంచి ఒకామె వచ్చింది. భర్త అట్లాగే పోయాడు. వెంట మరిది. "తిండి లేదు, నిద్ర లేదు, మనాది పట్టుకుంది మేడం" అని అతనే చెప్పాడు. అతని ముందే నేను చికిత్స గురించి పది నిమిషాలు గడగడా చెప్పాను. ఆమె ప్రతి మాటకూ తల ఊపింది. "సరేనా అమ్మా?" అంటే "మీరు ఎట్లంటె అట్ల మేడం" అంది. కాగితం మీద వేలిముద్ర వేసింది. బొటనవేలి సిరా కొంగుకు తుడుచుకుంటూ మరిది వైపు చూసింది, ఇక లేవొచ్చా అన్నట్టు. ఆ చూపు నేను చూశాను. చూసి కూడా ఫైలు మూసేశాను.

మూడోసారి వచ్చినప్పుడు, భర్త పోయిన రోజు ఏం జరిగిందో చెప్పమన్నాను. చెప్పింది, మందు డబ్బా వాసనతో సహా. నాలుగోసారి రాలేదు. ఆరు నెలల తర్వాత బస్టాండులో తనే పలకరించింది.

"సూదో గోలీలో ఇస్తరనుకున్న మేడం. అదంతా మల్ల చెప్పిపిస్తరని తెల్వదు. ఇంటికి పోయి వారం రోజులు అన్నం ముట్టలే."

"మరి వద్దని ఎందుకనలేదమ్మా?"

"పెద్ద మేడం అడుగుతుంటె వద్దనొచ్చా?"

వద్దనొచ్చని నేను చెప్పలేదు బిడ్డా. అప్పటికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం లేదు కదా అని నన్ను ఊరడించకు.

అందుకే, వెంట వచ్చినవాళ్ళను కాసేపు బయట కూర్చోబెట్టు. మొదట్లో బాధ పెరగొచ్చని, మందుల దారి కూడా ఉందని, మధ్యలో మానేయొచ్చని, ప్రాణానికి ముప్పు ఉంటేనో, చట్టప్రకారం చెప్పాల్సి వస్తేనో తప్ప ఇక్కడి మాట బయటికి పోదని చెప్పు. తర్వాత 'అర్థమైందా' అని మాత్రం అడగకు. మన దగ్గర ఎవరూ కాలేదనరు. "ఇంటికి పోయినంక మీ అక్క అడిగితే, ఇక్కడ ఏం చేస్తరని చెప్తవు?" అని అడుగు. "మేడం మాట్లాడుతది, మంచిగైతది" అంటే నువ్వు మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. తండా నుంచి వచ్చిన అవ్వకు నీ తెలుగే పరాయిది కావొచ్చు. అప్పుడు భర్తనో కొడుకునో తర్జుమాకు పెట్టుకోకు, వాళ్ళు తమకు కావలసిందే చెప్తారు.

ఇంకో మాట, కోప్పడతాననుకోకు, కోప్పడుతున్నాను. పోయిన దసరాకు ఒక పేషెంటు గురించి "ఆయనకు స్కిజోఫ్రీనియా, ఆయన్నేం అడుగుతాం పెద్దమ్మా" అన్నావు. నాకింకా గుచ్చుకుంటోంది. జబ్బు పేరును బట్టి నిర్ణయించుకునే శక్తి పోదు. చట్టం నాలుగో సెక్షన్ చూడు. ఒకరి నిర్ణయం మనకు తప్పనిపించినంత మాత్రాన వాళ్ళకు ఆ శక్తి లేదనడానికి వీల్లేదు. తాగి వచ్చినవాడికి ఇవాళ లేని తెలివి ఎల్లుండి ఉంటుంది. గోలీల గురించి తేల్చుకోగలిగినామె, గతం తవ్వుకోవడం గురించి ఇంకా తేల్చుకోలేకపోవచ్చు. ఒకసారి అడిగి ఫైలులో పెట్టేయకు, ప్రతి మలుపులోనూ అడుగు. నిజం చెప్పాలంటే వద్దన్నవాళ్ళ గురించి నాకు భయం లేదు. వెంటనే ఒప్పుకున్నవాళ్ళ గురించే.

చిన్నప్పుడు నువ్వు అన్నం వద్దని మూతి బిగించి కూర్చుంటే మీ అమ్మ కొట్టబోయేది, నేను అడ్డం వచ్చేదాన్ని. ఆ మొండితనం ఎక్కడికి పోయిందే?

పేషెంటు కుర్చీ తలుపు పక్కనే వెయ్యి, నీది లోపలికి. సంక్రాంతికి సకినాలు పట్టుకొని వస్తాను. ఆ కుర్చీలో కూర్చొని చూస్తా, తలుపు చేతికి అందుతుందో లేదో.

నీ పెద్దమ్మ