ఇంగ్లండ్‌లో సిక్కు పిల్లవాడి హైస్కూలు: జుట్టు, సీటు, పట్కా

లండన్‌లోని సౌతాల్‌లో ఉన్న మీ పంజాబీ స్నేహితుడి కొడుకు వచ్చే ఏడు ఇయర్ 7లో, అంటే హైస్కూలు మొదటి తరగతిలో చేరతాడు, తోటిపిల్లలు ఏడిపిస్తారని జుట్టు తీయించాలా, సిక్కు స్కూల్లో వేయాలా అని ఇంట్లో రోజూ వాదన జరుగుతోంది అన్నారు.

స్కూలు ఒప్పుకోదేమోనన్న భయంతో మాత్రం కత్తెర పట్టొద్దు. 1983లో మాండ్లా కేసులో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ సిక్కులను జాతిపరమైన సమూహంగా గుర్తించింది, తలపాగా తీస్తేనే చేర్చుకుంటానన్న స్కూలు ఓడిపోయింది. కడా (సిక్కులు చేతికి వేసుకునే కడియం) విషయంలో 2008లో అబర్‌డేర్ స్కూలు కేసు కూడా దాన్ని వేసుకున్న సిక్కు అమ్మాయి పక్షానే తేలింది. కృపాణ్ (సిక్కులు ధరించే చిన్న కత్తి) సంగతి వేరు. అది అమృతం పుచ్చుకుని దీక్ష తీసుకున్నవాళ్లకే వర్తిస్తుంది, చేరకముందే హెడ్‌టీచర్‌తో కూర్చుని మాట్లాడుకోవాలి.

అసలు పరీక్ష అడ్మిషన్ దగ్గరే. స్థానిక కౌన్సిల్‌కు ఇచ్చే అడ్మిషన్ ఫారానికి గడువు అక్టోబరు 31. సిక్కు స్కూళ్లు చాలావరకు దాంతోపాటు అదనపు ఫారం ఒకటి అడుగుతాయి, దాన్ని నేరుగా స్కూలుకే పంపాలి. అది పంపడం మరిచిపోతే సిక్కుల కోటాలో కాకుండా మామూలు వరుసలో చివరికి పోతారు. దానిమీద గురుద్వారా సంతకం కావాల్సి వస్తే, ఏళ్లుగా గడప తొక్కనివాళ్లు తెలిసినవాళ్లతో పెట్టించేస్తారు. కొందరు బంధువుల చిరునామా ఇస్తారు. బయటపడితే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకోవచ్చు. బయటపడకపోయినా పిల్లవాడికి అన్నీ తెలుసు. ధర్మం నేర్పే బడికి అబద్ధంతో పంపడం నాకు ససేమిరా నచ్చదు.

లండన్‌లో ఆరు స్కూళ్ల దాకా రాయొచ్చు. మీరు దేన్ని ఎన్నోదిగా రాశారో స్కూళ్లకు తెలియదు, నిజంగా ఇష్టమున్న వరుసలోనే రాయమనండి. సిక్కు స్కూల్లో పంజాబీ వస్తుంది, జుట్టు గురించి ఎవరికీ వివరించక్కర్లేదు. అక్కడ ఏడిపించేవాళ్లే ఉండరనుకుంటే మాత్రం పొరపాటు.

ఏ స్కూలైనా, పట్కా (సిక్కు పిల్లలు జుట్టుముడి కప్పేలా తలకు కట్టుకునే గుడ్డ) వాడే కట్టుకోగలగాలి. పదేళ్లదాకా అమ్మే కడుతుంది. హైస్కూల్లో ఆటల తర్వాత బట్టలు మార్చుకునే గదిలో ఊడితే వాడికి దిక్కుతోచదు, ఎగతాళి మొదలయ్యేదీ అక్కడే. వేసవి సెలవుల్లోనే నేర్పాలి. తల పూర్తిగా ఆరాకే ముడి వేయాలి, తడిగా కడితే దురద, వాసన. నడినెత్తిన వేయాలి, కానీ లాగి బిగించకూడదు, నుదుటి దగ్గర జుట్టు రాలిపోతుంది. గుడ్డ అంచు నుదుటిమీద పెట్టి ముందు తాళ్లు రెండూ తల వెనక ముడేయాలి, వెనక తాళ్లు పైకి తెచ్చి జుట్టుముడి చుట్టూ తిప్పి కట్టాలి. అద్దం లేకుండా కట్టుకోవడం వస్తే ఇక బెంగలేదు. సంచిలో ఇంకో పట్కా, రబ్బరు బ్యాండ్లు ఉండాలి.

ఎవరైనా పట్కా లాగితే అదే రోజు ఈమెయిల్ పెట్టాలి: తేదీ, పీరియడ్, చోటు, ఎవరు చేశారు, ఎవరు చూశారు. జాతి వేధింపుగా నమోదు చేయమని స్పష్టంగా అడగాలి, లేకపోతే పిల్లల అల్లరి కింద రాసేస్తారు. పట్టించుకోకపోతే హెడ్‌టీచర్‌కు, ఆ తర్వాత స్కూలు పాలకమండలి సభ్యులైన గవర్నర్లకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

పిల్లవాడే జుట్టు తీయించుకుంటానంటే? ముందు వేధింపు ఆగేలా చూడాలి. ఆగాక, తాతయ్య నానమ్మల ఎదుట కాకుండా, వాడొక్కణ్ణే కూర్చోబెట్టి మళ్లీ అడగాలి. భయం పోయాక కూడా అదే మాటంటే అది వాడి సొంత మాట. అప్పుడైనా గురుద్వారాకు తీసుకెళ్లడం మానొద్దని చెప్పండి.