దీపం పెట్టనియ్యని హాస్టల్ల ప్రార్థన ఎట్ల?

ప్రశ్న: అక్కా, నేను హన్మకొండల పీహెచ్‌డీ చేస్తున్న, మూడో సంవత్సరం. పొద్దున ఓ ప్రైవేటు కాలేజీల గెస్ట్ క్లాసులు, మధ్యాహ్నం లైబ్రరీ, రాత్రి గైడ్ సార్ దిద్దిచ్చిన చాప్టర్ మళ్ల రాసుడు. ఇంటికాడ అమ్మతోని రోజూ దీపం పెట్టేదాన్ని. ఇక్కడ రూమ్‌ల ముగ్గురం, ఒకామె ఎప్పుడూ ఫోన్ల మాట్లాడుతనే ఉంటది, అగ్గిపుల్ల గీస్తే వార్డెన్ మేడం ఊకోదు. నాలుగింటికి లేద్దామని మస్తుసార్లు అలారం పెట్టిన, బంద్ చేసి పండుకున్న. దేవునికి దూరమైతున్ననేమో అని గుబులైతంది.
- ఓ పరిశోధక విద్యార్థిని

జవాబు: చెల్లీ, ముందుగాల ఆ నాలుగింటి అలారం తీసెయ్. నేను పీజీల ఉన్నప్పుడు 41 రోజులు తెల్లారుజామున జపం చేస్త అని మొక్కుకున్న, ఆరో రోజు క్లాసుల ముందు బెంచీలనే గుర్రు పెట్టిన, మేడం చాక్‌పీస్ ఇసిరితే గని లేవలే. రాత్రి పన్నెండు దాకా రాసేటోళ్లకు ఆ మొక్కులు పడయ్.

మాకు కాజీపేట నుంచి వచ్చే క్లాస్‌మేట్ ఒకాయన ఉండె. అసర్ (పొద్దు వాలేటప్పటి నమాజ్) టైమ్ కాంగనే ఎంత నోట్స్ రాస్తున్నా పెన్ను మూత పెట్టి, మెట్ల వెనక రుమాలు పరిచి నమాజ్ చదివి, పది నిమిషాలల్ల వచ్చి ఆపిన లైన్ కాన్నే మళ్ల మొదలువెట్టేటోడు. ఆయన టైమ్ దొరుకుతదా అని ఎన్నడూ చూడలే, అది ముందే ఖాయమై ఉండె. మన దిక్కు సంధ్యవార్చుడు కూడ గంతే కదా, రాత్రీ పగలూ కలిసే కాడ, మిట్టమధ్యాహ్నం కాడ. నీ రోజుల గూడ గసొంటి అతుకు ఒకటున్నది, క్లాసులు అయిపోయి లైబ్రరీల కూసున్నంక, ల్యాప్‌టాప్ తెరవకముందు. గది పట్టుకో.

ఏం చెయ్యాలె అంటవా, రామకోటి రాయి. మా నాయనమ్మ గళ్ల పుస్తకంల రాసేది, గడికి ఒక పేరు, కళ్లద్దాలు ముక్కు కొసకు జారినా చెయ్యి ఆగకపోయేది. సప్పుడు లేదు, అగ్గి లేదు, పక్క టేబులోళ్లు చూసినా నోట్స్ రాస్తున్నవ్ అనుకుంటరు. రామున్నే రాయాల్నని లేదు, నీ ఇంటి దేవుని పేరు రాయి. ఒక పేజీ అయినంక కింద ఆ రోజు మనసుల మెలిపెడుతున్నది ఒక్క లైన్ రాసుకో, గైడ్ సార్ మీద కోపమైనా సరే (ఎక్కువ రోజులు గదే ఉంటది లే).

ఇగ దీపం సంగతి. మానసపూజ అనేది మనోళ్లల్ల ఎప్పటిసందో ఉన్నదే, పువ్వూ ఒత్తీ అన్నీ మనసులనే, కాబట్టి పాపం గీపం అని భయపడకు. వారానికి ఒకసారి వేయిస్తంభాల గుడికి పో, సోమవారం వద్దు, కార్తీకంల అసలే వద్దు, జనం తోసుకుంటరు. 1163ల రుద్రదేవుడు కట్టిచ్చిన గుడి, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ ఒక్క మండపానికే మూడు దిక్కుల గర్భగుళ్లు కట్టిచ్చిండు. దర్శనమైనంక ఉరుకకు, నల్లరాతి నంది కాడ ఫోన్ సంచిల వేసి కాసేపు ఊకె కూసో. మొదటిసారి చాప్టరే యాదికొస్తది, రానియ్.

ఆ ఫోన్ల మాట్లాడే పిల్లకు మాత్రం సక్కగ చెప్పు, రాత్రి తొమ్మిదింటికి పావుగంట వరండాలకు పోయి మాట్లాడుకొమ్మని. అడగకుంటే ఆమెకు ఎట్ల తెలుస్తది?